ముందు ముల్లు, తర్వాత స్విచ్చి

1968 వానాకాలం. యూనివర్సిటీ క్యాంపస్‌లో ప్రొఫెసర్ సూర్యనారాయణ గారి గది. ఆయన దగ్గర కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే కాత్యాయని ఎదుట నిలబడి ఉంది.

"కాగితం అబద్ధం చెప్పదమ్మా కాత్యాయనీ. మనుషులు చెప్తారు."

"భీమయ్య చెప్పడం లేదు మాష్టారూ."

"అని నువ్వనుకుంటున్నావు."

"అవును, అనుకుంటున్నాను."

"అనుకోవడం విచారణ కమిటీకి పనికిరాదు. ఇలా చూడు. ఆ రోజు మన కంప్యూటరు టైపు కొట్టిన కాగితం. చదువు. మొదటి లైను?"

"చేతి స్విచ్చి తిప్పారు."

"రెండో లైను?"

"ప్రెషరు ఎర్ర గీత దాటింది."

"మూడోది?"

"మూడోది లేదు. డ్రమ్ము మూత పేలిపోయింది కదా, తీగలు తెగాయి."

"అదీ. ఇక ఇందులో అనుకోవడానికి ఏముంది? షెడ్డులో ఇనప జాలీ మధ్యన డ్రమ్ము ఉంది. ఎంత తట్టుకుంటుందో చూడ్డానికి దానికి నీళ్ళు ఎక్కించి కంప్యూటరే మెల్లమెల్లగా ప్రెషరు పెంచుతోంది. అంతా సవ్యంగా నడుస్తోంది. షెడ్డు చూసుకునే ఈ భీమయ్య ఎవరూ చెప్పకుండా జాలీలోకి దూరి చేతి స్విచ్చి తిప్పాడు. దాంతో కంప్యూటరుకు పంపు మీద పెత్తనం పోయింది. పంపు నడుస్తూనే ఉంది, అడిగేవాడు లేడు. ప్రెషరు మీటరు ముల్లు ఎర్ర గీత దాటింది. మూత పేలింది."

"ముల్లు దాటడం చూసి, అప్పుడు స్విచ్చి తిప్పానని భీమయ్య అంటున్నాడు. పంపు ఆపి నీళ్ళు వదిలేద్దామని."

"అంటాడు. ఎందుకనడు? నేనైనా అలాగే అంటాను."

"ఆయన మాట నిజమైతే, ఆయన చేసింది తప్పు కాదు. ఘోరం జరక్కుండా ఆపబోయినట్టు."

"నిజమైతే. కాగితంలో ముందు స్విచ్చి, తర్వాత ముల్లు. తిరగేసి లేదు."

"మాష్టారూ, కాగితం మీది వరస ఎవరిది?"

"అదేం ప్రశ్న? కంప్యూటరుది."

"ఏ కంప్యూటరుది? మనకి రెండున్నాయి."

"కాత్యాయనీ, ఆ ప్రోగ్రాం రాసింది ఎవరు?"

"నేనే."

"రెండేళ్ళు నడిచింది. ఒక్క రోజైనా తప్పు చేసిందా?"

"లేదు."

"మరి? ప్రోగ్రాం బాగుంది. మిషన్ బాగుంది. కంపెనీ ఇంజనీరు వచ్చి చూసి బాగుందని సంతకం పెట్టి వెళ్ళాడు. రెండూ బాగున్నాయంటే బాగులేనిది ఏమిటి? మిగిలింది మనిషే కదా."

"మీరింత గట్టిగా ఎలా చెప్తున్నారు మాష్టారూ?"

"నాకు తెలుసు కనక."

"ఎలా తెలుసు?"

"తెలుసమ్మా. ముందు స్విచ్చే. నాకు తెలుసు."

"కాగితం చూసేనా?"

"...కాగితం చూసే. ఇంకేం చూస్తాను? సోమవారం మళ్ళీ కమిటీ. ఈలోగా నువ్వు ఆ అంకెల పని పూర్తి చేసుకో. భీమయ్య సంగతి నాకు వదిలెయ్యి."

"పదిహేనేళ్ళుగా మీ దగ్గర పని చేస్తున్న మనిషి."

"అందుకే మరీ కోపంగా ఉంది. వెళ్ళు."


తార్నాక. భీమయ్య అద్దెకుంటున్న గది. భీమయ్య భుజానికి కట్టు. భార్య లింగమ్మ పొయ్యి దగ్గర. కాత్యాయని వచ్చింది.

"మంచం మీద కూసో అమ్మా. గా కుర్సీకి ఒక కాలు ఊగుతది."

"పర్వాలేదు లింగమ్మా. భుజం ఎలా ఉంది ఈయనకి?"

"ఎట్లుంటది? బోల్టు ఎగిరొచ్చి గుద్దింది. బొక్క ఇరిగింది. దవాఖానల పట్టీ కట్టిన్రు. నౌకరేమో సస్పెండు. ఇంగ ఎట్లుంటది?"

"లింగీ, చాయ్ పెట్టు."

"పెడ్త. నా నోరు మూయిస్తందుకు చాయ్ పెట్టుమంటడు, సూడమ్మా. నువ్వన్న అడుగు. నాకైతే చెప్తలేడు."

"భీమయ్యా, ఒక్కటే అడుగుతాను. ఆ రోజు ఏది ముందు?"

"ముల్లు ముందు మేడం. కమిటీల గదే చెప్పిన. రేపు మల్ల అడిగినా గదే చెప్త."

"ముల్లు ఎర్ర గీత దాటడం మీరు కళ్ళారా చూశారు."

"సూసిన. దాటుడు గాదు, దుంకింది."

"దుంకిందా?"

"అవు. దినాం ఎట్లెక్కుతది? ఒక మెట్టు ఎక్కాలె, ఆగాలె. మల్ల ఒక మెట్టు, ఆగాలె. గా దినం ఆగలే. ఎక్కిందాని మీద మల్ల ఎక్కిచ్చింది."

"అంటే ప్రెషరు పెరిగిందని కంప్యూటరుకు తెలియనట్టు, మళ్ళీ పెంచింది."

"గట్లనే అనుకోన్రి. నాకు గా మిషన్ మనసుల ఏమున్నదో ఎర్కలేదు. ముల్లయితే దుంకింది."

"ఇది కమిటీలో చెప్పారా?"

"చెప్పనీకి సురువు జేసిన. 'అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పు' అన్నరు. ఊకున్న."

"సరే. ముల్లు దుమికింది. అప్పుడు మీరెక్కడున్నారు?"

"షెడ్డు తలుపు కాడ. ఎప్పుడు నిలవడే జాగల."

"మెయిన్ స్విచ్చి అక్కడే ఉంది కదా, తలుపు పక్కన."

"ఉన్నది."

"ముల్లు ఎర్ర గీత దాటితే మెయిన్ తీసేసి అందరూ బయటకు పోవాలి. పంపు నడిచేటప్పుడు జాలీలోకి అసలెవరూ వెళ్ళకూడదు. మాష్టారు రాయించిన బోర్డే ఉంది అక్కడ."

"ఎర్ర రంగుతోని ఉన్నది. నేనే ఏయించిన గా బోర్డు."

"మరి మెయిన్ తియ్యకుండా జాలీలోకి ఎందుకు వెళ్ళారు?"

"లింగీ, చాయ్ ఏమాయె?"

"సూసినవా అమ్మా! సక్కగ గీ మాట కాడికి రాంగనే చాయ్ యాదికొస్తది. మా అన్న లాలాగూడ వర్క్‌షాపుల పని జేస్తడు, ఆయనొచ్చి అడిగినా చాయే. మా పెద్దమ్మ అడిగినా చాయే. నెల దినాల సంది శక్కరి తెచ్చుడు, చాయ్ పోసుడు, గిదే పనైంది."

"భీమయ్యా."

"మెయిన్ తీస్తే పంపు ఆగుతది మేడం. గని డ్రమ్ముల ప్రెషర్ గట్లనే ఉంటది. లోపటికి పోయి నీళ్ళు ఇడిస్తేనే దిగుతది."

"ఉంటే ఉండనివ్వాలి. జాలీలో ఎవరూ లేనప్పుడు అది దిగితే ఎంత, దిగకపోతే ఎంత?"

"డ్రమ్ము ఖరాబైతది గద."

"తుక్కులో వెయ్యాల్సిన డ్రమ్ము అది."

"తుక్కయినా సర్కారు సామానే."

"దాని కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నారా?"

"గంత సోంచాయించలే మేడం."

"లింగమ్మా, ఈయన ఎప్పుడూ ఇంతేనా, ఏదీ ఆలోచించకుండా?"

"గింతే. నన్ను లగ్గం జేసుకున్న కాడికెల్లి గిన్నే మాటలు. ఇగో చాయ్ తాగు. నాకు ఇంకొక ముచ్చట సమజ్ అయితలేదమ్మా. మూత పేలినప్పుడు అందర్ల కంటె ముందుగాల పెద్ద సారే ఎత్తుకున్నడంట ఈయన్ని. సూర్యనారాయణ సారు. అంగి, లాగు అంత తడిసి ముద్దయిండంట. ఆయన కార్లనే దవాఖానకు తీస్కపోయిండు. పండ్లు పంపుతడు. డాక్టరుకు ఫోన్ జేసి అడుగుతడు. మల్ల సస్పెండు కాయితం మీద దస్కత్ గుడ గాయనదే. మనిషి మంచోడా, చెడ్డోడా?"

"నాకూ అర్థం కావడం లేదు లింగమ్మా."

"సార్ మంచోడే."

"నువ్వు చాయ్ తాగు."

"భీమయ్యా, జాలీ సంగతి మీరు చెప్పకపోతే నేనేమీ చెయ్యలేను. కాని ఏది ముందో, ఏది వెనకో, అది నేను తేలుస్తాను."

"తేల్చున్రి మేడం. గది తేలితే సాలు నాకు. పిచ్చి లేశి స్విచ్చి తిప్పిండు అంటున్నరు. గది ఒక్కటి బాధ అనిపిస్తున్నది."

"మీరు ముల్లు 'దుంకింది' అన్నారు చూడండి, ఆ మాట ఇంకెవరికైనా చెప్పారా?"

"ఎవరు అడిగిన్రు?"


క్యాంపస్. కంప్యూటర్ గది. శనివారం మధ్యాహ్నం. సూర్యనారాయణ, కాత్యాయని.

"పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నావటగా."

"అవును మాష్టారూ. మీరు కూర్చోండి. ఒక గంట మోగుతుందేమో వినాలి."

"ఏం గంట?"

"ఈ టైపు మిషన్ గంట. ఏదైనా వరస తప్పితే మోగేట్టు ప్రోగ్రాం పెట్టాను."

"పొద్దుటి నుంచీ ఎన్నిసార్లు మోగింది?"

"ఒక్కసారీ మోగలేదు."

"సంతోషం. భోజనం చేశావా?"

"మాష్టారూ, ముందు నేను చెప్పేది వినండి. మనకున్నది ఒకటే మెమరీ, రెండు కంప్యూటర్లు. షెడ్డులో ఉన్న చిన్నది ముల్లునీ, స్విచ్చినీ గమనించి మెమరీలో రాస్తుంది. ఇక్కడున్న పెద్దది ఆ రాసింది చదివి, పంపుకు ఆజ్ఞ ఇస్తుంది, కాగితం మీద టైపు కొడుతుంది."

"ఇది నాకు చెప్తున్నావా? కొనిపించింది నేను."

"చిన్నదాన్ని మొన్న ఉగాదికి మార్చాం. పాతది తీసేసి, వేరే కంపెనీది పెట్టాం. నా ప్రోగ్రాం మాత్రం మార్చలేదు."

"మార్చక్కర్లేదన్నారు. ఆ ఆజ్ఞలన్నీ ఇందులోనూ ఉన్నాయన్నారు."

"ఉన్నాయి. చెయ్యమన్నవన్నీ చేస్తుంది కూడా. పాతది ఎలా రాసేదో తెలుసా? ఒక మాట రాసి, అది మెమరీలో చేరిందని తెలిసేదాకా అలాగే నిలబడేది. చేరాక రెండోది రాసేది."

"అందుకే నత్తలా నడిచేది."

"కొత్తది నిలబడదు. రాయాల్సినవన్నీ గుమ్మంలో పెట్టేసి తన పని తాను చూసుకుంటుంది. మన మెమరీ రెండు పెట్టెలు. ఏ పెట్టె ఖాళీగా ఉంటే దానికి వెళ్ళాల్సింది ముందు వెళ్ళిపోతుంది. తీరిక లేని పెట్టెకి వెళ్ళాల్సింది గుమ్మంలోనే ఉంటుంది. ముందు రాసిందైనా సరే."

"అంటే ముందు రాసింది వెనక చేరుతుందంటావు."

"ఒక్కోసారి."

"ఒక్కోసారి అంటే?"

"ఎప్పుడో. ముందు రాసింది వెళ్ళాల్సిన పెట్టె సరిగ్గా ఆ క్షణాన తీరిక లేకుండా ఉంటే."

"పొద్దుటి నుంచీ ఒక్కసారీ జరగలేదన్నావు."

"జరగలేదు."

"బాగుంది. ఎప్పుడూ జరగనిది ఆ ఒక్క రోజే జరిగింది. సరే, జరిగిందే అనుకుందాం. నేనొకటి అడుగుతాను. ఈ గుమ్మంలో ఆగడం ఎంతసేపు?"

"కనురెప్ప వాల్చినంత కూడా కాదు. అందులో వెయ్యో వంతు కూడా కాదు."

"మరి ముల్లు చూసి, తలుపు దగ్గర్నుంచి పరిగెత్తి, జాలీ తీసి, స్విచ్చి తిప్పడానికి ఒక మనిషికి ఎంతసేపు పడుతుంది? ఆ రెంటినీ తారుమారు చెయ్యడం నీ గుమ్మం వల్ల అవుతుందా?"

"ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను మాష్టారూ. చిన్న మిషన్ జరిగింది జరిగినట్టు అప్పటికప్పుడు మెమరీలోకి పంపదు. తన దగ్గర వరసగా పోగు చేసుకుని ఒక విడతగా పంపుతుంది. ముల్లు, స్విచ్చి రెండూ ఒకే విడతలో వచ్చాయి. పోగులో ముల్లు ముందే ఉంది. పంపేటప్పుడు ఒకదాని వెంట ఒకటి, సందు లేకుండా పంపింది. అక్కడ తారుమారయ్యాయి. పెద్ద మిషన్‌కి స్విచ్చి ముందు కనిపించింది, స్విచ్చే ముందు టైపు కొట్టింది. ఆ కాగితం మీద ఉన్నది జరిగిన వరస కాదు. పెద్ద మిషన్ చూసిన వరస."

"జరిగిన వరస కాదు... ఊఁ, చెప్పు."

"ఇంకొకటి. ముల్లు మెల్లగా ఎక్కలేదు, దుమికిందని భీమయ్య అన్నాడు."

"నాకు చెప్పలేదు."

"అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమన్నారట. ప్రెషరు ఎంతుందో చిన్న మిషన్ మొదట అంకె రాస్తుంది, ఆ తర్వాత 'కొత్త అంకె వచ్చింది' అని గుర్తు పెడుతుంది. గుర్తు ముందు చేరి అంకె గుమ్మంలో ఆగిపోతే? పెద్ద మిషన్ గుర్తు చూసి, పాత అంకె తీసుకుంటుంది. ప్రెషరు పెరగలేదనుకుంటుంది. మళ్ళీ పెంచుతుంది. రెండు మెట్లు ఒకేసారి. అదీ దుమకడం."

"అంటే ప్రెషరు పెంచింది కూడా కంప్యూటరే అంటావు. భీమయ్య స్విచ్చి తిప్పకముందే."

"అవును."

"గంట మోగలేదు కాత్యాయనీ."

"ఇప్పుడు మోగిస్తాను. పొద్దున్నుంచి రెండు పెట్టెలూ ఖాళీగా ఉన్నాయి, అందుకే మోగలేదు. ఆ రోజు పెద్ద మిషన్ మీద స్టాటిస్టిక్స్ వాళ్ళ లెక్క నడుస్తోంది. దాని అంకెలన్నీ మొదటి పెట్టెలోనే, ముల్లు రాత వెళ్ళేదీ దానికే. వాళ్ళ టేపు అడిగి తెచ్చాను. ఇదిగో, ఎక్కిస్తున్నాను. వినండి."

"ఏమీ వినపడ్డం లేదు."

"వినండి."

"కాత్యాయనీ, భోజనానికి—"

"అదిగో, గంట. మళ్ళీ. విన్నారా?"

"విన్నాను."

"ఇంకోటి."

"విన్నానమ్మా. ఆపు. ఆపు దాన్ని."

"పాత మిషన్ ఇంకా గోడౌన్లోనే ఉంది. దాన్ని తగిలించి ఇదే ప్రోగ్రాం, ఇదే టేపుతో నడుపుతాను. ఎంతసేపు నడిపినా మోగదు. కావాలంటే—"

"అక్కర్లేదు. దీనికి మందు?"

"కొత్త మిషన్ పుస్తకంలో ఒక ఆజ్ఞ ఉంది. 'ఇప్పటిదాకా రాసినవన్నీ చేరేదాకా ముందుకు కదలకు' అని. రెండు రాతల మధ్య అదొక్కటి పెడితే చాలు. పాత మిషన్‌కి ఆ ఆజ్ఞే లేదు. అది ఎప్పుడూ ఆగుతూనే ఉండేది కదా, ప్రత్యేకం ఆగమని చెప్పాల్సిన పని లేకపోయింది."

"అయితే తప్పు ఎవరిది? మిషన్‌దా?"

"కాదు. అది ఎలా పనిచేస్తుందని పుస్తకంలో ఉందో అలాగే పనిచేసింది."

"నీ ప్రోగ్రాందా?"

"పాత మిషన్ మీద కాదు."

"కమిటీకి ఒక పేరు కావాలి."

"అయితే నా పేరు రాసుకోండి. భీమయ్యది మాత్రం తీసెయ్యండి."

"ముందు ముల్లు. తర్వాత స్విచ్చి."

"అవును మాష్టారూ."

"నువ్వు ఖాయంగా చెప్తున్నావు."

"ఖాయంగా. కూర్చోండి, అలా అయిపోయారేం? మంచినీళ్ళు తెమ్మంటారా?"

"వద్దు. రేపు సాయంత్రం మా ఇంటికి రా. భీమయ్యనీ రమ్మను."


ఆదివారం సాయంత్రం. తార్నాకలో సూర్యనారాయణ గారి ఇంటి వరండా. ఆయన, కాత్యాయని, భీమయ్య.

"కూర్చో భీమయ్యా."

"నిలవడ్త సార్."

"భుజానికి కట్టు పెట్టుకుని ఎంతసేపు నిలబడతావు? కూర్చో."

"మీ ముంగట కూసొమ్మని ఎన్నడన్న అన్నరా సార్? నాకు అలవాటు లేదు."

"భీమయ్యా, కూర్చోండి. మీరు కూర్చుంటే కాని మాష్టారు మొదలుపెట్టరు."

"కూసున్న మేడం."

"కాత్యాయని రాసిన రిపోర్టు రెండుసార్లు చదివాను. రేపు కమిటీకి నేనే ఇస్తున్నాను. ఆ కాగితం మీద వరస నమ్మడానికి వీల్లేదని, ముందు ముల్లే దాటిందని, నీ మాట నిజమని చెప్తాను. సస్పెన్షన్ తీసేస్తారు."

"మీ దయ సార్."

"దయ కాదు. ఆ మాట అనకు."

"సరే సార్."

"మాష్టారూ, రిపోర్టుతో సగమే అయింది. ముందు ముల్లా, స్విచ్చా అన్నది తేలింది. కాని మెయిన్ తియ్యకుండా జాలీలోకి ఎందుకు వెళ్ళావని అడుగుతారు. ఆ ప్రశ్న అలాగే ఉంది. రూలు దాటినట్టే కదా."

"గా ముచ్చట ఇడిశిపెట్టున్రి మేడం."

"వాళ్ళు వదిలిపెట్టరు."

"గాబరాల పోయిన అని రాయున్రి."

"గాబరా పడ్డవాడు బయటకు పరిగెడతాడు భీమయ్యా."

"నాకు దిక్కు తెల్వలే. గట్ల రాయున్రి."

"పదిహేనేళ్ళ నుంచీ పని చేస్తున్న షెడ్డులో?"

"కాత్యాయనీ, అతన్ని అడక్కు. భీమయ్యా, నాకు ఇన్నాళ్ళూ నీ మీద చాలా కోపంగా ఉంది."

"ఎర్కే సార్."

"ఎందుకో తెలుసా?"

"ఎర్కే."

"నాకు తెలీదు మాష్టారూ. నాకెవరైనా చెప్తారా?"

"స్విచ్చి టక్కుమంది. ఆ వెంటనే మూత పేలింది. నా చెవులతో విన్నాను. కాగితం నాకు కొత్తగా ఏమీ చెప్పలేదమ్మా. నేను విన్నదే చెప్పింది. అందుకే దాన్ని అంత నమ్మాను. ముల్లు ఎప్పుడు దాటిందో నాకు వినపడదు కదా. ముల్లుకు చప్పుడు ఉండదు."

"స్విచ్చి టక్కుమనడం మీకు వినిపించిందా?"

"వినిపించింది."

"పంపు నడుస్తుంటే తలుపు దగ్గరున్నవాడికి కేకేసినా వినపడదు. మీ గది ఆ చివర ఎక్కడో ఉంది."

"సార్ చెవులు మంచియి మేడం."

"భీమయ్యా, నువ్వు ఊరుకో."

"ఊకుంటనే ఉన్న గద సార్. మీరు గుడ ఊకోన్రి. నా నౌకరి నాకొస్తున్నది, సాలు. ఇంగ ముచ్చట పెద్దగ చేసుడెందుకు? నేను పోయొస్త."

"కూర్చో."

"లింగి ఎదురుచూస్తుంటది."

"కూర్చోమన్నానా? లింగమ్మకు నేను వచ్చి చెప్తాను. ఇన్నాళ్ళూ నిన్ను ఒక్క మాట అడగలేదు నేను. అడిగే పని లేదనుకున్నాను. ముందు స్విచ్చే కనక, ఏదో తిక్క పుట్టి తిప్పావని, చేతులారా నన్ను... ప్రమాదం తెచ్చావని అనుకున్నాను. రాత్రుళ్ళు పడుకుని అదే అనుకునేవాణ్ణి. నిన్న ఆ గంట మోగేసరికి మొత్తం తిరగబడింది. ముందు ముల్లు అయితే, నువ్వు తలుపు దగ్గర నిలబడి అది దుమకడం చూశావు. డ్రమ్ము పేలబోతోందని నీకు తెలుసు. మెయిన్ నీ చెయ్యి పక్కనే ఉంది, బయటకు తలుపు నీ వెనకే ఉంది. అవునా?"

"అవు సార్."

"మరి లోపలికి ఎందుకు వచ్చావు?"

"మాష్టారూ, 'వచ్చావు' అంటున్నారేమిటి? 'వెళ్ళావు' కదా?"

"తెలిసే అన్నానమ్మా. రేపు కమిటీలోనూ అదే అంటాను. డ్రమ్ముకు కారుతున్న నట్టు నా కళ్ళతో చూసుకోవాలని జాలీలోకి దూరిన చాదస్తం నాది. రూలు రాసిందీ నేనే, దాటిందీ నేనే. అది నేను చెప్పుకుంటాను. కాని ఈ ఒక్కటీ అతని నోటితో వినాలి. చెప్పు భీమయ్యా."

"ఏం చెప్పాలె సార్?"

"ఎందుకు వచ్చావో."

"డ్రమ్ము కింద మీ కాళ్ళు కానొచ్చినయ్ సార్."